మీ మిల్లులో ఫైర్ నీళ్లు సరిపోతాయా? కొలిచి తేల్చుకునే పద్ధతి

మహారాష్ట్రలోని ధర్మాబాద్, భోకర్, కిన్వట్, అటు పాండర్‌కవడా దాకా ఉన్న జిన్నింగ్ (పత్తి నుంచి గింజ వేరుచేసే) మిల్లుల్లో మనవాళ్లు చాలామంది ఫిట్టర్లుగా, సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్నారు. వాళ్ల నుంచి నాకు పదే పదే వచ్చే ప్రశ్న ఒకటుంది: "అన్నా, మా టాకీ రెండు లక్షల లీటర్లది. ఫైర్‌కి సరిపోతుందా?"

టాకీ సైజు చెబితే జవాబు రాదు. నిండు టాకీ పక్కనే మిల్లు కాలిపోవచ్చు. అన్నిటికన్నా దూరంగా ఉన్న హైడ్రెంట్ (హోసు తగిలించే ఫైర్ కుళాయి) దగ్గర నాజిల్ పట్టుకున్న మనిషికి ఎంత ప్రెషర్‌తో, నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎంతసేపు అందుతాయన్నది తెలియాలి. అదీ మే నెలలో, కరెంటు లేనప్పుడు.

ఉదాహరణలన్నీ జిన్నింగ్ మిల్లువే ఇస్తున్నాను. దాల్ మిల్లుకీ, మిర్చి గోదాముకీ పద్ధతి ఇదే.

1. ఎప్పుడు కొలవాలి

మన దగ్గర చిక్కు ఇక్కడే మొదలవుతుంది. దీపావళి ముందూ వెనకా జిన్నింగ్ మొదలై, ఫిబ్రవరి, మార్చి దాకా జోరుగా సాగుతుంది. బేళ్లు (నొక్కి కట్టిన దూది మూటలు), సర్కీ (పత్తి గింజ) కుప్పలు ఏప్రిల్, మే వరకూ యార్డులోనే ఉంటాయి. సరిగ్గా అప్పుడే నల్లరాతి నేలలోని బావులు అడుగంటుతాయి. అంటే సరుకు ఎండి గలగలలాడే రోజుల్లోనే నీళ్లు తక్కువ.

అక్టోబరులో కొలిస్తే బావి అబద్ధం చెబుతుంది, వానలు కురిసి నిండుగా ఉంటుంది కదా. అందుకే ఏడాదికి రెండుసార్లు కొలవండి: సీజన్ మొదలయ్యే ముందు ఒకసారి, ఏప్రిల్ చివర్లోనో మేలోనో మరోసారి. లెక్కకు మాత్రం మే అంకెలే తీసుకోండి.

2. ముందు సిద్ధం చేసుకోవలసినవి

కాగితాలు లేకుండా పంపు దగ్గరికి వెళ్తే సగం రోజు వృథా. ఆఫీసులో అడిగి ఇవి తీయించండి:

☐ మంజూరైన ఫైర్ ప్లాన్: హైడ్రెంట్ల సంఖ్య, పైపు సైజులు, వాల్వులు ఎక్కడున్నాయో చూపే డ్రాయింగ్
☐ ఫైర్ ఎన్ఓసీ (ఫైర్ శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం), అందులో రాసిన షరతులు
☐ బీమా పాలసీలో మీ మిల్లును ఏ ప్రమాద తరగతిలో పెట్టారో చెప్పే పేజీ
☐ పంపు నేమ్ ప్లేటు ఫోటో: గంటకు ఎన్ని ఘనపు మీటర్లు, ఎంత హెడ్ (నీళ్లను తోయగల ఎత్తు), నిమిషానికి ఎన్ని తిప్పులు, అంటే ఆర్‌పీఎం
☐ కిందటిసారి చేసిన టెస్ట్ రికార్డు, ఉంటే

సామాన్లు:

☐ 0 నుంచి 16 కేజీల దాకా చూపే మంచి ప్రెషర్ గేజులు రెండు (ప్రెషర్‌కి కేజీలంటే చదరపు సెంటీమీటరుకు కేజీలు). లైన్‌కి ఎప్పటినుంచో బిగించి ఉన్న గేజును నమ్మకండి
☐ పిటో గేజ్, అంటే నాజిల్ ముందు పట్టి ప్రెషర్ చూసేది. లేకపోతే దారి ఉంది, 7లో చెప్తాను
☐ ఒకే సైజు నాజిల్ ఉన్న బ్రాంచ్ పైపులు (హోసు చివర చేత్తో పట్టుకునే గొట్టాలు) నాలుగు, 15 మీటర్ల హోసులు నాలుగు
☐ టేపు, చివర బరువు కట్టిన తాడు
☐ 200 లీటర్ల డ్రమ్ము, స్టాప్‌వాచ్ (ఫోన్‌లోది చాలు)

మనుషులు కనీసం పదిమంది కావాలి. నాజిల్‌కి ఇద్దరు, పంపు గదిలో ఒకరు, టాకీ మీద ఒకరు. నాజిల్‌కి ఒక్కరినే పెట్టకండి. 20 మిల్లీమీటర్ల నాజిల్‌లో 7 కేజీల ప్రెషర్ వస్తే అది మనిషిని దాదాపు 45 కేజీల బలంతో వెనక్కి తోస్తుంది.

సేఠ్‌కి, గేటు వాచ్‌మన్‌కి, అలారం చూసే మనిషికి ముందే చెప్పండి.

3. మీకు ఎన్ని నీళ్లు కావాలి

ఇది ఊహించి రాసేది కాదు. మీ తరగతి ఏదో ప్లానూ, బీమా కాగితమే చెప్పాలి. "పక్క మిల్లుకి అంత పెట్టారట, మనకీ అంతే" అనే లెక్క పనికిరాదు. బయటి హైడ్రెంట్ లైన్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 13039, పాత టీఏసీ (బీమా టారిఫ్ సలహా కమిటీ) నియమావళి, నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 చూస్తారు.

వాటిలో మనకు ఎక్కువగా తగిలే అంకెలు ఇవి. ఆర్డినరీ హజార్డ్ (మామూలు ప్రమాదం) తరగతిలో 20 హైడ్రెంట్ల లోపు ఉంటే పంపు గంటకు 137 ఘనపు మీటర్లు ఇవ్వాలి, ప్రెషర్ 7 కేజీలు. 20 దాటి 55 దాకా ఉంటే 171. లైట్ హజార్డ్‌లో 20 లోపు అయితే 96 చాలు.

నీళ్ల నిల్వ ఎంతసేపటికి ఉండాలన్నది కూడా తరగతిని బట్టే. లైట్‌కి పంపు గంటసేపు తోడేంత (ఎంత తక్కువైనా 135 ఘనపు మీటర్లు), ఆర్డినరీకి రెండు గంటలు, హై హజార్డ్‌కి మూడు నుంచి నాలుగు గంటలు.

లెక్క తేలికే. పంపు గంటకు 137, కావలసింది రెండు గంటలు. 137 × 2 = 274 ఘనపు మీటర్లు, అంటే 2,74,000 లీటర్లు. స్ప్రింక్లర్లు కూడా ఉంటే వాటి అవసరాన్ని ప్లాన్‌లో చూసి విడిగా కలపండి.

ఇక్కడ నా మాట ఒకటి. పుస్తకంలో ఉన్న రెండు గంటలు పత్తి విషయంలో మంటను అదుపులోకి తేవడానికే. బేలు పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల నిప్పు కుములుతూనే ఉంటుంది. ఒక్కో బేలు బయటికి లాగి, విప్పి, తడపాలి. గంటలు కాదు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే రెండు గంటల నిల్వ అయిపోయాక వాడే రెండో నీటి వనరు ఏదో కూడా ఇప్పుడే రాసిపెట్టండి.

4. టాకీలో వాడుకోగల నీళ్లెన్ని

టాకీ గోడ మీద పెయింటుతో రాసిన అంకెను చూడకండి. ఎక్కి కొలవండి.

నేను చూసిన ఒక మిల్లు టాకీ పొడవు 10, వెడల్పు 7, లోతు 3.2 మీటర్లు. గుణిస్తే 224 ఘనపు మీటర్లు. గోడ మీద "2 లక్షల 25 వేలు" అని గర్వంగా రాసుంది. తాడు వేసి చూస్తే ఇలా తేలింది:

ఓవర్‌ఫ్లో పైపు పైనుంచి 25 సెంటీమీటర్ల కిందుంది. ఆ పై భాగం ఎప్పటికీ నిండదు. కింద ఫుట్ వాల్వు (పంపు నీళ్లు లాగే సక్షన్ పైపు నోటికి ఉండి, నీళ్లను వెనక్కి పోనివ్వనిది) నేలకు ఎత్తులో ఉంది. దానిపైన కొంత నీరు లేకపోతే సుడి తిరిగి గాలి లాగేస్తుంది. అలా అడుగున 55 సెంటీమీటర్లు పనికిరావు. మిగిలింది 2.4 మీటర్లు. 70 × 2.4 = 168 ఘనపు మీటర్లు.

అంతటితో అయిపోలేదు. తాగడానికీ, బేళ్ల ప్రెస్ దగ్గరికీ, తోటకీ నీళ్లు అదే టాకీ నుంచి పోతున్నాయి. ఆ పైపు కూడా అడుగు నుంచే ఉంది. సాయంత్రానికి 30 ఘనపు మీటర్లు ఖాళీ. అంటే సాయంత్రం ఆరింటికి మంట లేస్తే చేతిలో ఉండేది 138. పంపు గంటకు 137 తోడేస్తుంది. రెండు గంటలు అనుకున్నది ఒక గంటకు వచ్చింది.

మీ టాకీ దగ్గర చూడవలసినవి:

☐ ఓవర్‌ఫ్లో ఎత్తు
☐ ఫుట్ వాల్వు లేదా సక్షన్ పైపు నోరు నేల నుంచి ఎంత ఎత్తు
☐ మిల్లు వాడకానికి పోయే పైపు ఏ ఎత్తులో ఉంది. అది ఫైర్ నిల్వకు పైనే ఉండాలి
☐ అడుగున బురద మందం
☐ టాకీ రెండు గదులుగా ఉందా. ఒకే గది అయితే కడిగిన రోజు నీళ్లు సున్నా

మూత లేని టాకీ అయితే ఇంకొకటి చూడండి. జిన్ హౌస్ నుంచి ఎగిరే దూది పీచు నీళ్ల మీద పడి, నాని, కిందికి దిగుతుంది. పంపు పూర్తి జోరులో తోడగానే అదంతా పంపులోకి చెత్త పోనివ్వని జాలీకి, అంటే స్ట్రెయినర్‌కి దుప్పటిలా చుట్టుకుంటుంది. మామూలు రోజుల్లో రెండు నిమిషాలు పంపు తిప్పి చూస్తే ఇది బయటపడదు.

5. మళ్లీ నిండడానికి ఎంతసేపు

బోరు, బావి, మున్సిపల్ లైన్, ఏదైనా సరే డ్రమ్ముతో కొలవండి. 200 లీటర్ల డ్రమ్ము 80 సెకన్లలో నిండితే నిమిషానికి 150 లీటర్లు, గంటకు 9 ఘనపు మీటర్లు.

మోటార్ వేసిన వెంటనే కొలవకండి. గంటసేపు ఆగకుండా నడిపి, ఆ తర్వాత కొలవండి. మన రాతి బోర్లు మొదట ఉరికిస్తాయి, తర్వాత దమ్ము తీసుకుంటూ వస్తాయి. గంట తర్వాత అదే డ్రమ్ముకి 160 సెకన్లు పట్టిందంటే మీకున్నది గంటకు 4.5 ఘనపు మీటర్లే. 168 ఘనపు మీటర్ల టాకీ నిండడానికి 37 గంటలు.

రెండు గంటల మంటలో ఆ బోరు ఇచ్చేది 9 ఘనపు మీటర్లు. కాబట్టి బోరును చూపించి నిల్వ తగ్గించవద్దు. దాన్ని తర్వాతి రోజు కోసం ఉంచుకోండి.

6. పంపు గదిలో చూడవలసినవి

సక్షన్. టాకీ నీటిమట్టం పంపుకన్నా పైన ఉంటే మంచిది. నీళ్లు వాటంతట అవే వస్తాయి. టాకీ భూమిలో, పంపు పైన ఉంటే ఫుట్ వాల్వు మీదే అంతా ఆధారం. సాయంత్రం పంపు కేసింగ్ నిండా నీళ్లు నింపి, ప్రైమింగ్ టాకీ (కేసింగ్‌ని నీళ్లతో నింపి ఉంచే చిన్న టాకీ) వాల్వు మూసి వదిలేయండి. పొద్దున ఎయిర్ కాక్ (కేసింగ్ మీద గాలి వదిలే చిన్న కుళాయి) తెరిస్తే నీళ్లు రావాలి. గాలి వచ్చిందంటే ఫుట్ వాల్వు కారుతోంది. ప్రైమింగ్ టాకీ ఈ లోపాన్ని రోజూ కప్పిపుచ్చుతుంటుంది, అందుకే దాన్ని మూసి చూడాలి.

కరెంటు. మంట చూడగానే మనవాళ్లు చేసే మొదటి పని మెయిన్ స్విచ్ దించడం. అది సరైన పనే. కానీ ఫైర్ పంపు కూడా ఆ స్విచ్ కిందే ఉంటే? పంపుకు లైన్ మెయిన్‌కి ముందు నుంచి విడిగా రావాలి. కాగితం మీద చూసి వదలకండి. సెలవు రోజున మిల్లు మెయిన్ దించి, పంపు వేసి చూడండి.

ఒకచోట అలాగే దించాం. పంపు చచ్చిపోయింది. సరే, డీజిల్ పంపు ఉందిగా అనుకుని వెళ్తే దాని బ్యాటరీ లేదు. వారం కిందట ట్రాక్టరుకి బిగించుకుపోయారట. ట్రాక్టర్ మాత్రం బయట చక్కగా తిరుగుతోంది.

డీజిల్ పంపు. ఛార్జర్ ఆపేసి, చల్లని ఇంజిన్‌ని బ్యాటరీ మీదే స్టార్ట్ చేయండి. ఒకసారి కాదు, ఆపి ఆపి నాలుగైదు సార్లు. తర్వాత అరగంట లోడు మీద నడపండి. ఖాళీగా ఐదు నిమిషాలు తిప్పితే వేడెక్కుతుందో లేదో తెలియదు. డీజిల్ టాంకు నిండుగా ఉందా, మీకు కావలసిన గంటలకన్నా ఎక్కువ వస్తుందా చూడండి.

ఆటో స్టార్ట్. డ్రెయిన్ వాల్వు కొద్దిగా తెరిచి లైన్ ప్రెషర్ మెల్లగా దించండి. ముందు జాకీ పంపు (లైన్ ప్రెషర్ నిలిపి ఉంచే చిన్న పంపు), ఇంకా దిగితే కరెంటు పంపు, అదీ రాకపోతే డీజిల్ పంపు వరసగా అందుకోవాలి. ఏది ఏ ప్రెషర్ దగ్గర లేచిందో రాసుకోండి. మెయిన్ పంపులు వాటంతట అవి ఆగకూడదు, మనిషే ఆపాలి.

వాల్వులన్నీ పూర్తిగా తెరిచి, గొలుసు వేసి ఉన్నాయా అన్నది కూడా ఇప్పుడే చూసేయండి.

7. అసలు పరీక్ష: దూరపు హైడ్రెంట్ తెరవడం

చాలాచోట్ల టెస్ట్ అంటే పంపు గది పక్కనున్న హైడ్రెంట్ తెరిచి, నీళ్లు ఎగజిమ్మగానే ఫోటో తీసుకోవడం. దానివల్ల తెలిసేదేమీ లేదు. పంపుకి అన్నిటికన్నా దూరంగా, లేదా అన్నిటికన్నా ఎత్తులో ఉన్న హైడ్రెంట్లే తెరవాలి. పది మీటర్ల ఎత్తు దాదాపు ఒక కేజీ ప్రెషర్‌ని తినేస్తుందని గుర్తుంచుకోండి.

మే నెలలో ఒక్కో పంపుకి ఇరవై వేల లీటర్ల చొప్పున పారబోస్తామంటే సేఠ్ గుండె గుబేలుమంటుంది. నీళ్లను వేపచెట్ల వరసకో, పాత బావిలోకో మళ్లించే ఏర్పాటు ముందే చేసుకోండి. తిరిగి అదే టాకీలోకి మాత్రం వదలకండి, మట్టం లెక్క తప్పుతుంది. బేళ్ల వైపు నాజిల్ తిప్పకండి.

1) టాకీలోకి వచ్చే నీళ్లు, మిల్లు వాడకం, రెండూ ఆపండి. టాకీ మట్టం కొలిచి రాయండి.

2) నీళ్లు కదలనప్పుడు దూరపు హైడ్రెంట్ దగ్గర ప్రెషర్ రాయండి. ఇది నిలకడ ప్రెషర్. దీన్ని చూసి మురిసిపోకండి.

3) దూరపు నాలుగు హైడ్రెంట్లకు హోసులు, 20 మిల్లీమీటర్ల నాజిళ్లు బిగించండి. వాటి పక్కనే తెరవని ఐదో హైడ్రెంట్‌కి గేజు పెట్టండి.

4) ఒక్కొక్కటిగా, మెల్లగా తెరవండి. టక్కున తెరిచినా, టక్కున మూసినా పైపులో నీటి దెబ్బ కొట్టి జాయింట్లు ఊడతాయి.

5) నాలుగూ తెరిచాక రెండు మూడు నిమిషాలు ఆగండి. గేజు ముల్లు నిలబడాలి.

6) పిటో గేజ్ మొనను నాజిల్ చివరకు 10 మిల్లీమీటర్ల దూరంలో, ధార నడిమధ్యన పట్టండి. నాలుగు నాజిళ్లవీ రాయండి.

7) అదే సమయానికి పంపు గదిలోని మనిషి డెలివరీ గేజు, సక్షన్ గేజు చదివి ఫోన్‌లో చెప్పాలి. "తర్వాత చూస్తా" అంటే కుదరదు.

8) పది నిమిషాలు అలాగే నడిపి, టాకీ మట్టం మళ్లీ కొలవండి.

9) మెల్లగా మూసి, కరెంటు ఆపి, డీజిల్ పంపుతో మొత్తం మళ్లీ చేయండి.

పిటో గేజ్ లేనివాళ్లకు ఎనిమిదో మెట్టే దారి. పైన చెప్పిన టాకీ విస్తీర్ణం 70 చదరపు మీటర్లు. ఒక సెంటీమీటర్ దిగితే 700 లీటర్లు పోయినట్టు. గంటకు 137 ఘనపు మీటర్లు అంటే నిమిషానికి సుమారు 2,280 లీటర్లు. పది నిమిషాల్లో మట్టం దాదాపు 33 సెంటీమీటర్లు దిగాలి. 23 దిగిందంటే పంపు నేమ్ ప్లేటు ఒకటి చెబుతోంది, నీళ్లు ఇంకొకటి చెబుతున్నాయి.

8. లెక్క వేసి, లోపం ఎక్కడుందో పట్టుకోవడం

నాజిల్ నుంచి నిమిషానికి వచ్చే లీటర్లు = 0.667 × నాజిల్ వ్యాసం × వ్యాసం × పిటో ప్రెషర్ వర్గమూలం. వ్యాసం మిల్లీమీటర్లలో, ప్రెషర్ కేజీల్లో.

20 మిల్లీమీటర్ల నాజిల్‌కి చేతికందే అంకెలు:

• 2 కేజీల దగ్గర సుమారు 377 లీటర్లు
• 3 దగ్గర 462
• 3.5 దగ్గర 500
• 4.5 దగ్గర 566
• 7 దగ్గర 706

నాలుగు నాజిళ్లలోనూ 4.5 వస్తే మొత్తం 2,264, అంటే పంపు పూర్తి సామర్థ్యం దగ్గరికి వచ్చినట్టే.

ఒక టెస్టులో నాకు వచ్చినవి: 2.1, 2.0, 2.4, 2.6. లీటర్లలో 386, 377, 413, 430. మొత్తం సుమారు 1,600. కావలసిన 2,280లో 70 శాతం. దూరపు హైడ్రెంట్ దగ్గర నీళ్లు పారుతుండగా కనీసం 3.5 కేజీలు నిలవాలన్నది మామూలు లెక్క. మీ ప్లాన్ అంతకన్నా ఎక్కువ అడిగితే అదే ప్రమాణం.

తక్కువ వచ్చిందని తెలియగానే కొత్త పంపు కోటేషన్ తెప్పించకండి. ముందు గేజుల్ని పక్కపక్కన పెట్టి చూడండి.

పంపు దగ్గర 7, దూరపు చివర 2. పంపు మంచిదే, దోషం దారిలో ఉంది. నీళ్లు పారుతుండగానే గేజు పట్టుకుని ఒక్కో హైడ్రెంట్ దాటుతూ రండి. ప్రెషర్ హఠాత్తుగా ఎక్కడ పడిపోయిందో, ఆ రెండు హైడ్రెంట్ల మధ్యే లోపం. పదిలో ఎక్కువసార్లు నాకు దొరికింది సగం మూసిన వాల్వే. ఎప్పుడో రిపేరుకు మూసి, నాలుగు తిప్పులు తెరిచి వదిలేస్తారు. నిలకడ ప్రెషర్ మాత్రం నిండుగా చూపిస్తుంది, నీళ్లు కదిలితేనే గుట్టు బయటపడుతుంది. వాల్వు కాకపోతే తుప్పు, లేదా తర్వాత కలిపిన షెడ్డుకి వేసిన సన్న పైపు.

రెండుచోట్లా తక్కువ, ముల్లు నిలకడగా ఉంది. పంపు చూడండి. ఇంపెల్లర్ (పంపు లోపల నీళ్లను తోసే చక్రం) అరిగి ఉండొచ్చు. మోటార్ ఈమధ్య రీవైండింగ్‌కి వెళ్లొచ్చిందా? ఫేజులు తారుమారై పంపు ఉల్టా తిరుగుతుంటే నీళ్లు వస్తాయి, కానీ జోరు ఉండదు. బాణం గుర్తు చూడండి. డీజిల్ అయితే ఆర్‌పీఎం కొలవండి.

రెండుచోట్లా తక్కువ, ముల్లు వణుకుతోంది, పంపులో గులకరాళ్లు దొర్లిన చప్పుడు. సక్షన్‌లో గాలి, లేదా స్ట్రెయినర్ మూసుకుపోయింది.

మొదట బాగుండి నిమిషాల్లో తగ్గుతూ పోయింది. దూది పీచు సంగతే. స్ట్రెయినర్ తీసి చూడండి.

పంపు మీదే అనుమానం మిగిలితే దాన్ని విడిగా టెస్ట్ లైన్ మీద పరీక్షించాలి. డెలివరీ వైపు వాల్వులన్నీ మూసినప్పుడు హెడ్ నేమ్ ప్లేటు హెడ్‌లో 120 శాతం దాటకూడదు (నిలువు టర్బైన్ పంపులకు 140). నేమ్ ప్లేటులోని నీళ్లకు ఒకటిన్నర రెట్లు తోడినప్పుడు కనీసం 65 శాతం హెడ్ నిలవాలి.

9. బయటి నుంచి వచ్చే సాయాన్ని లెక్కలోకి ఎలా తీసుకోవాలి

ఫైర్ బండి వస్తుందిలే అన్న ధీమా చాలామందికి ఉంది. మామూలుగా వచ్చే వాటర్ టెండర్‌లో 4,500 లీటర్లుంటాయి. 3.5 కేజీల దగ్గర ఒక 20 మిల్లీమీటర్ల నాజిల్‌కి తొమ్మిది నిమిషాలు. రెండు పెడితే నాలుగున్నర. ఆ తర్వాత వాళ్లు అడిగేది "నీళ్లెక్కడ?" అనే.

కాబట్టి ఆ బండి మీ నీళ్లు తీసుకోగలగాలి. టాకీకి బండి సక్షన్ హోస్ తగిలించే డ్రా అవుట్ కనెక్షన్ ఉందా? బండి నుంచి మీ లైన్‌లోకి నీళ్లు ఎక్కించే ఇన్‌లెట్ ఉందా? వాటి థ్రెడ్, కప్లింగ్ మీ ఊరి బండికి కుదురుతాయా? స్టేషన్ వాళ్లను ఒకసారి పిలిచి తగిలించి చూపించమనండి. బేళ్ల మధ్య దారిలో బండి తిరుగుతుందో లేదో కూడా ఆ రోజే తేలుతుంది.

బావిని రెండో వనరుగా రాసుకున్నవాళ్లు మే నెలలో నీటిమట్టం ఎంత లోతుకి పోయిందో కొలవండి. పై నుంచి సక్షన్‌తో తోడే పంపు ఆచరణలో ఏడు మీటర్ల లోతు దాటితే లాగలేదు. బావి నిండా నీళ్లున్నా పది మీటర్ల కింద ఉంటే ఫైర్ బండికి అవి లేనట్టే. అలాంటి బావికి సబ్‌మెర్సిబుల్, దానికి జనరేటర్ ఉండాలి.

10. తేల్చి రాయడం, ఏది ముందు బాగుచేయడం

ఒక పేజీ చాలు. మొదటి ఉదాహరణ మిల్లు అయితే ఇలా వస్తుంది: కావలసిన నిల్వ 274, టాకీలో వాడుకోగలిగింది 168, సాయంత్రానికి 138. కావలసిన ప్రవాహం నిమిషానికి 2,280, వచ్చింది ఇంత. దూరపు చివర ప్రెషర్ ఇంత. కరెంటు పంపుతో ఒక వరస, డీజిల్‌తో ఒక వరస. మూడింటిలో ఒక్కటి తప్పినా "సరిపోదు" అనే రాయండి. "దాదాపు సరిపోతుంది" అన్న మాట రాసేవాళ్లకి హాయిగా ఉంటుంది, అంతే.

బాగుచేసే వరస, ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకి:

☐ మూసిన వాల్వులు తెరిచి గొలుసు వేయడం, స్ట్రెయినర్ కడగడం, బ్యాటరీ తెచ్చి పెట్టడం: ఆ రోజే
☐ మిల్లు వాడకం పైపును ఫైర్ నిల్వ మట్టానికి పైకి మార్చడం: ఒక ప్లంబర్, ఒక రోజు
☐ ఫుట్ వాల్వు మార్చడం, టాకీకి మూతో జాలీయో వేయడం
☐ పంపు కరెంటు లైన్ విడదీయడం
☐ తుప్పు పైపు ముక్క మార్చడం
☐ రెండో టాకీ కట్టడం. ఉన్న టాకీతో కలిపి, ఒకటి కడిగినా రెండోది నడిచేలా

ఆ ఉదాహరణ మిల్లులో 30 ఘనపు మీటర్లు ప్లంబర్ ఖర్చుతో వెనక్కి వచ్చాయి. మిగిలిన 106కి టాకీ కట్టక తప్పలేదు.

మహారాష్ట్రలో 2006 నాటి అగ్నిప్రమాద నివారణ, ప్రాణరక్షణ చర్యల చట్టం ప్రకారం ఏటా జనవరిలో, జులైలో లైసెన్సున్న ఏజెన్సీ నుంచి మెయింటెనెన్స్ సర్టిఫికెట్ తీసుకుని ఇవ్వాలి. మీ మే నెల కాగితాన్ని జులైలో వచ్చే ఏజెన్సీ మనిషి చేతిలో పెట్టండి. దూరపు హైడ్రెంట్ దగ్గరికి తీసుకెళ్లి అక్కడే తెరిపించండి.

రిపేరు అయ్యాక మళ్లీ కొలిచేటప్పుడు హైడ్రెంట్లు, నాజిళ్లు, గేజులు మొదటిసారి వాడినవే ఉండాలి. ఒక్కటి మారినా రెండు అంకెల్ని పోల్చలేరు. అందుకే ఏ హైడ్రెంట్లు తెరిచారో వాటి నంబర్లు, నాజిల్ సైజు, వచ్చిన ప్రెషర్, తేదీ పంపు గది తలుపు లోపలి వైపు పెయింటుతో రాయించండి. కాగితమైతే ఫిట్టర్ మారినప్పుడల్లా మాయమవుతుంది.